జంషెట్‌జీ గారి ఇండస్ట్రియల్ విజిట్

ఇండస్ట్రియల్ విజిట్ అంటే మనకి తెలిసిందేగా. బస్సు, అంత్యాక్షరి, గేటు దగ్గర గ్రూప్ ఫోటో, లోపల ఓ గంట. 1902లో జంషెట్‌జీ టాటా కూడా ఓ విజిట్‌కి వెళ్లారు, అమెరికాకి. అప్పటికి ఆయన వయసు 63. చూడాలనుకున్నది ఉక్కు తయారీ.

ఆయన 1839 మార్చి 3న నవసారిలో, పార్సీ పూజారుల ఇంట్లో పుట్టారు. బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో చదివి నాన్నగారి వ్యాపారంలో చేరారు. ఇంజినీరు కాదు. కానీ ఏ పరిశ్రమ పెట్టాలన్నా, ముందు అది బాగా నడిచే చోటికెళ్లి చూసి రావడం ఆయనకి అలవాటు. బట్టల మిల్లు కోసం లాంకషైర్ వెళ్లి పని గమనించి వచ్చారు. 1877 జనవరి 1న నాగపూర్‌లో ఎంప్రెస్ మిల్లు మొదలైంది. రింగ్ ఫ్రేముల మీద ఇంగ్లండు మిల్లులే తటపటాయిస్తున్న రోజుల్లో ఈయన వాటిని నాగపూర్‌లో పెట్టి చూశారు.

ఉక్కు కథ ఇంత సులువుగా నడవలేదు. 1882లో చాందా జిల్లా ఇనుప ఖనిజం మీద ఓ జర్మన్ నిపుణుడి రిపోర్టు ఆయన కంటపడింది. లోహారాలో ఖనిజం, వరోరాలో బొగ్గు, రెండూ నాగపూర్‌కి దగ్గరే. కానీ ఆ బొగ్గుని జర్మనీలో పరీక్ష చేయిస్తే పనికిరాదని తేలింది. బ్లాస్ట్ ఫర్నేస్‌లో బొగ్గు పని మండటం ఒక్కటే కాదు. గట్టి కోక్‌గా మారి, పైనున్న ఖనిజం బరువంతా మోస్తూ, గాలి పోవడానికి సందులివ్వాలి. పొడైపోయే బొగ్గుతో ఆ పని జరగదు. దానికితోడు గనుల లీజు షరతులు కూడా మరీ కఠినం. ఆలోచన అలా మూలపడి, 1899లో కర్జన్ హయాంలో నిబంధనలు సడలాక మళ్లీ లేచింది.

అందుకే అమెరికా. క్లీవ్‌లాండ్‌లో లేక్ సుపీరియర్ ఖనిజం ఓడల్లోంచి ఎలా దిగుతుందో చూశారు. అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో కోకింగ్ సంగతులు తెలుసుకున్నారు. పిట్స్‌బర్గ్‌లో జూలియన్ కెనెడీ అనే పేరున్న ఉక్కు ఇంజినీరుని కలిశారు. ముందస్తు పరిశోధనకే బోలెడు ఖర్చవుతుందని, అయినా ఫలితం ఉంటుందో లేదో చెప్పలేమని కెనెడీ మొహమాటం లేకుండా చెప్పేశారు. ఈయన వెనక్కి తగ్గలేదు. అప్పుడు కెనెడీ న్యూయార్క్‌లోని చార్లెస్ పేజ్ పెరిన్ పేరు చెప్పారు.

పెరిన్ దగ్గరికెళ్లి ఈయన అడిగింది మిషన్లకి కొటేషన్ కాదు. ఇండియాకి వచ్చి ఖనిజం, కోకింగ్ బొగ్గు, సున్నపురాయి ఎక్కడున్నాయో వెతికిపెట్టమన్నారు. నాకైతే ఈ ప్రయాణం మొత్తంలో అసలు తెలివి ఇక్కడే కనిపిస్తుంది. పెరిన్ సరేనని ముందుగా తన పార్ట్‌నర్ సి. ఎం. వెల్డ్‌ని పంపారు. (మెకానికల్ మిత్రులారా, పేరు మాత్రమే వెల్డ్. మనిషి జియాలజిస్టు.)

వెల్డ్, జంషెట్‌జీ కొడుకు దొరాబ్జీ కలిసి చాందా అడవులు గాలించారు. లాభం లేకపోయింది. ఇక మానేద్దామని చెప్పడానికి నాగపూర్ ఆఫీసుకెళ్లిన దొరాబ్జీకి, ఎదురుగా ఉన్న మ్యూజియంలో ఓ జియాలజీ మ్యాపు కనబడింది. అందులో దుర్గ్ జిల్లా దగ్గర నల్లటి మచ్చ. అదే దల్లీ రాజహరా. ఖనిజం అద్భుతం, కానీ దగ్గర్లో కోకింగ్ బొగ్గు లేదు. (తర్వాత భిలాయ్ ప్లాంటుకి ఆ కొండలే ఆధారమయ్యాయి.) 1904 ఫిబ్రవరిలో ప్రమథనాథ్ బోస్ అనే భూగర్భ శాస్త్రవేత్త నుంచి ఉత్తరం వచ్చింది. మయూర్‌భంజ్ సంస్థానంలో, గోరుమహిసాని కొండలో మంచి ఖనిజం ఉందని, ఝరియా బొగ్గు కూడా అందుబాటులోనే ఉంటుందని.

ఆ కొండ దాకా వెళ్లే అవకాశం జంషెట్‌జీకి దొరకలేదు. 1904 మే 19న జర్మనీలోని బాడ్ నౌహైమ్‌లో కన్నుమూశారు. 1907లో దొరాబ్జీ కంపెనీ పెట్టారు. లండన్‌లో డబ్బు పుట్టకపోతే మన జనమే షేర్లు కొన్నారు. 1912 ఫిబ్రవరి 16న సాక్చీలో, అంటే నేటి జంషెడ్‌పూర్‌లో, మొదటి ఉక్కు దిమ్మ బయటికొచ్చింది. ఆ ప్లాంటుకి కన్సల్టింగ్ ఇంజినీరు పెరిన్. డిజైన్ చేసింది, ఖర్చు ఎక్కువవుతుందని హెచ్చరించిన ఆ కెనెడీ గారి సంస్థే.