అత్తరు వెనుక అమ్మ

జగిత్యాలలో పెండ్లయినా, కోరుట్లలో నిఖా అయినా, సిరిసిల్లలో సీమంతమైనా గుమ్మంలో పన్నీరు చిలకరిస్తేనే మనకు శుభకార్యానికి వచ్చినట్టుంటుంది. దర్గా మీద కప్పే పూల చాదర్‌లోనూ గులాబీలే. ప్రేమకూ, భక్తికీ, చివరి వీడ్కోలుకూ ఈ ఒక్క పువ్వే గుర్తు. అసలు దాని పేరే పారశీకం. గుల్ అంటే పువ్వు, ఆబ్ అంటే నీళ్లు. పన్నీటి పేరే చివరికి పువ్వు పేరై కూర్చుంది.

మొన్నొక పెండ్లిలో పక్కన కూర్చున్న అమ్మాయి, గులాబీ అత్తరు కనిపెట్టింది నూర్జహానే కదా అని అడిగింది. చిన్నప్పుడు నేనూ అదే విన్నాను. ఆమె పెండ్లికి తోటలోని కాలువ నిండా పన్నీరు పారించారట. ఎండకు పైకి తేలిన నూనె తెట్టు కొత్త పెండ్లికూతురి కంటపడిందట. కథ చక్కగానే ఉంది. కానీ జహంగీర్ పాదుషా తన జ్ఞాపకాల్లో రాసుకున్నది వేరు. ఆ అత్తరు కనిపెట్టింది భార్య కాదు, అత్తగారు అస్మత్ బేగం.

ఇరాన్ నుంచి బతుకుదెరువు కోసం వస్తూ, 1577లో కాందహార్ దగ్గర దారిలోనే ఆడపిల్లను కన్న తల్లి ఆమె. ఆ పిల్లే మెహరున్నీసా. 1607లో భర్త పోయి, ఒక కూతురితో మిగిలింది. 1611లో జహంగీర్‌ను పెండ్లాడి నూర్జహాన్ అయింది. ఆమె పేరుతో నాణేలు వచ్చాయి. ఏనుగు అంబారీ మీద నుంచి పులుల్ని వేటాడింది.

ఇక అత్తరు సంగతి. అస్మత్ బేగం పన్నీరు కాచి, వేడివేడిగా గిన్నెల్లో పోసినప్పుడు పైన సన్నని తెట్టు కట్టింది. ఇంకొకరైతే తీసి పారబోసేవారేమో! ఆమె మాత్రం కొద్దికొద్దిగా పోగుచేసింది. ఒక్క చుక్క చేతికి రాసుకుంటే చాలు, గదంతా గులాబీలు పూసినట్టే. నూనె నీటికన్నా తేలిక కనుక పైకి తేలింది, అంతే. అయితే కిలో నూనె రావాలంటే 3 టన్నులకు పైగానే పూలు కావాలి. జహంగీర్ సంతోషించి అత్తగారికి ముత్యాల హారం ఇచ్చాడు. అంతఃపురంలోని పెద్దావిడ సలీమా సుల్తాన్ బేగం ఆ అత్తరుకు పేరు పెట్టింది. ఏమని? ఇత్రె జహంగీరీ అని! కష్టం అత్తది, పేరు అల్లుడిది. జనం నోట్లో పడ్డాక ఆ ఘనత కూతురికి పోయింది.

అస్మత్ బేగం 1621లో కన్నుమూసింది. కొద్ది నెలలకే తండ్రి కూడా పోయాడు. నూర్జహాన్ ఆగ్రాలో యమున ఒడ్డున ఇద్దరికీ పక్కపక్కనే సమాధులు కట్టించింది. తెల్లని పాలరాతిలో రంగురాళ్లతో పూలు, కూజాలు పొదిగించింది. 1628 నాటికి అది పూర్తయింది. తల్లి అక్కడే ఉన్నా, లోకం దాన్ని తండ్రి బిరుదుతో ఇత్మాదుద్దౌలా సమాధి అనే పిలుస్తోంది. 1627లో జహంగీర్ పోయాక అధికారమూ పోయి, నూర్జహాన్ లాహోర్‌లో 18 ఏళ్లు గడిపి 1645లో మరణించింది.

ఈ కథంతా చెప్పాక ఆ అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత వాళ్ల అమ్మ పెట్టే మామిడికాయ తొక్కు గురించి చెప్పింది. చుట్టాలందరూ దాన్ని నానమ్మ తొక్కు అనే అంటారట. ఈసారి సీసా మీద అమ్మ పేరు రాసి పెడతానంది.