శివరామకృష్ణ చంద్రశేఖర్

శివరామకృష్ణ చంద్రశేఖర్ (1930 ఆగష్టు 6 - 2004 మార్చి 8) ద్రవ స్ఫటికాలపై పరిశోధనలు చేసిన ప్రముఖ భారతీయ భౌతిక శాస్త్రవేత్త. బిళ్ళల ఆకారం గల అణువులు కూడా ద్రవ స్ఫటికాలుగా ఏర్పడతాయని 1977లో బెంగుళూరులో నిరూపించాడు. ఖగోళ భౌతిక శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ వేరు. ఆయన ఈయనకు మేనమామ కొడుకు.

జీవితం

చంద్రశేఖర్ కలకత్తాలో జన్మించాడు. తల్లి సీతాలక్ష్మి సి.వి.రామన్ సోదరి. నాగపూర్ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చదివి, రామన్ వద్ద స్ఫటికాలలో కాంతి ప్రసరణపై పరిశోధన చేశాడు. తరువాత కేంబ్రిడ్జిలో డాక్టరేటు పొందాడు. 1961లో మైసూరు విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర శాఖాధిపతి అయ్యాడు. అక్కడే ద్రవ స్ఫటికాల వైపు మళ్ళాడు. 1971లో రామన్ పరిశోధనా సంస్థలో చేరి వీటికొక ప్రయోగశాల నెలకొల్పాడు.

బిళ్ళల దొంతరలు

ద్రవ స్ఫటికం ద్రవంలా పారుతుంది, కాని అణువులు స్ఫటికంలో వలె ఒక క్రమంలో ఉంటాయి. పుల్లల వంటి పొడవైన అణువులకే ఈ స్థితి సాధ్యమన్న అభిప్రాయం దశాబ్దాలుగా పాతుకుపోయి ఉండేది. చంద్రశేఖర్, బి.కె.సదాశివ, కె.ఎ.సురేష్ బెంజీను కేంద్రంగా, చుట్టూ ఆరు గొలుసులు గల అణువులను పరీక్షించారు. ఇవి నాణేల వలె ఒకదానిపై ఒకటి పేరుకొని దొంతరలు కట్టడం ఎక్స్-కిరణాల ద్వారా తెలిసింది. ఈ ఫలితాన్ని విదేశీ పత్రికకు పంపక, బెంగుళూరు నుండి వెలువడే ప్రమాణ పత్రికలోనే ప్రచురించారు. భారతీయ పత్రికలలో అచ్చయి, ప్రపంచమంతటా అత్యధికంగా ఉదహరింపబడిన పత్రాలలో ఇదొకటి.

శక్తి పరికరాలలో అయాన్లను మోసే పదార్థాల రూపకల్పనకు ఇటువంటి దొంతరలు దారి చూపాయి. చంద్రశేఖర్ స్వయంగా ఆ పని చేయలేదు. 2004లో టోక్యో విశ్వవిద్యాలయంలో తకాషి కాటో బృందం విసనకర్ర ఆకారపు అణువులతో దొంతరలు కట్టించింది. వాటి మధ్యభాగంలో విద్యుదావేశం గల భాగాలు చేరతాయి. వెలుపలి గొలుసులు విద్యుత్తును సాగనివ్వవు. అందువలన అయాన్లు గొట్టంలో నీటివలె దొంతర పొడవునా సాగుతాయి. చిక్కల్లా దొంతరలను ఒకే దిశకు తిప్పడంలో ఉంది. చెల్లాచెదరుగా ఉంటే ఒకదాని దారి మరొకదానితో కలవక వాహకత్వం పడిపోతుంది. లిథియం బ్యాటరీలలో మండే స్వభావం గల ద్రవానికి బదులు వాడేందుకు ద్రవ స్ఫటికాలను పరీక్షించడానికి ప్రేరణ ఇదే.

చివరి దశ

1990లో పదవీ విరమణ చేశాక విశ్రాంతి తీసుకోక, మరుసటి సంవత్సరం బెంగుళూరులోని జాలహళ్ళిలో ద్రవ స్ఫటిక పరిశోధనా కేంద్రాన్ని స్థాపించాడు. అది నేడు నానో, మృదు పదార్థ విజ్ఞాన కేంద్రంగా కొనసాగుతోంది. 1972లో భట్నాగర్ పురస్కారం, 1994లో రాయల్ మెడల్, 1998లో పద్మభూషణ్ అందుకున్నాడు. 1977లోనే వెలువడిన ఈయన గ్రంథం "లిక్విడ్ క్రిస్టల్స్" రెండవ కూర్పు 1992లో వచ్చింది.