సైమన్ రోడియా

సైమన్ రోడియా (1879 - 1965) ఇటలీలో జన్మించి అమెరికాలో స్థిరపడిన భవన నిర్మాణ కార్మికుడు. ఇతని అసలు పేరు సబాటో రోడియా. లాస్ ఏంజెలెస్ నగరంలోని వాట్స్ ప్రాంతంలో ఇనుప తుక్కు, పగిలిన పింగాణీ, సీసా ముక్కలు, ఆల్చిప్పలతో 30 సంవత్సరాలకు పైగా ఒంటరిగా నిర్మించిన గోపురాల వలన ప్రసిద్ధుడయ్యాడు. వీటిని వాట్స్ టవర్స్ అంటారు. పారవేసిన వస్తువులతో కట్టిన కట్టడం గట్టిగా నిలువదన్న అనుమానంతో నగర అధికారులు ఒక దశలో వీటిని కూల్చివేయటానికి సిద్ధపడ్డారు.

జీవితం

రోడియా నేపుల్స్ నగరానికి తూర్పున ఉన్న రిబొత్తోలి గ్రామంలో జన్మించాడు. సుమారు 15 ఏళ్ళ వయసులో అమెరికాకు వలస వెళ్ళి పెన్సిల్వేనియాలో ఉన్న సోదరుని వద్దకు చేరాడు. సోదరుడు గని ప్రమాదంలో మరణించిన తరువాత పశ్చిమ తీరానికి తరలిపోయాడు. 1902లో వివాహం చేసుకున్నాడు కాని ఆ కాపురం నిలువలేదు. రాతి క్వారీలలోను, కట్టడాల వద్ద కూలీగాను, టైల్స్ పరిచేవానిగాను పనిచేశాడు. వాస్తుశాస్త్రంలో గాని, ఇంజనీరింగులో గాని ఇతనికి ఎటువంటి శిక్షణ లేదు.

గోపురాల నిర్మాణం

1921లో వాట్స్‌లో రైలుమార్గం పక్కనే ఉన్న ముక్కోణపు స్థలాన్ని కొని పని ప్రారంభించాడు. పగలు కూలిపని, సాయంత్రాలు, సెలవు రోజులు గోపురాల పని. ఇనుప కడ్డీలను రైలు పట్టాల సందులో ఇరికించి కావలసినట్లు వంచేవాడు. కడ్డీలు కలిసే చోట వెల్డింగు గాని, బోల్టులు గాని వాడకుండా తీగతో బిగించి, దానిపై తీగవల చుట్టి, సిమెంటు మాలును చేతితో అదిమేవాడు. మాలు ఆరకముందే అందులో పగిలిన పలకలు, కప్పులు, పళ్ళేలు, ఆకుపచ్చ సోడా సీసాల ముక్కలు, ఆల్చిప్పలు పొదిగేవాడు. ఇరుగుపొరుగు పిల్లలు పగిలిన పింగాణీ ఏరి తెచ్చి ఇచ్చేవారు. సిమెంటు మాత్రం వ్యర్థం కాదు, దానిని తన కూలి డబ్బుతోనే కొనుక్కున్నాడు. పరంజా కట్టలేదు. కట్టిన మేరకు ఆ గోపురం కమ్ములనే మెట్లుగా చేసుకుని, కిటికీలు తుడిచేవారి నడుము పట్టీ కట్టుకుని, బకెట్టుతో పైకి ఎక్కేవాడు.

మొత్తం 17 కట్టడాలలో అన్నిటికంటె ఎత్తయిన గోపురం సుమారు 30 మీటర్లు (99.5 అడుగులు). ఈ సముదాయానికి స్పానిష్ భాషలో మన ఊరు అని అర్థం వచ్చే నువెస్త్రో ప్యూబ్లో అనే పేరు పెట్టాడు.

కూల్చివేత ఉత్తర్వు, బల పరీక్ష

1955లో రోడియా ఆ స్థలాన్ని పొరుగువానికి ఉచితంగా ఇచ్చివేసి మార్టినెజ్ పట్టణంలో ఉన్న బంధువుల వద్దకు వెళ్ళిపోయాడు. గోపురాలను చూడటానికి మరల రాలేదు. 1957లో నగర పాలక సంస్థ వీటిని ప్రమాదకరమైనవిగా ప్రకటించి కూల్చివేయమని ఆదేశించింది. అనుమతులు లేకుండా, నక్షా లేకుండా, తుక్కుతో కట్టిన ఇంత ఎత్తు కట్టడాన్ని అధికారులు శంకించటంలో ఆశ్చర్యం లేదు. విలియం కార్ట్‌రైట్, నికొలస్ కింగ్ అనే ఇద్దరు 1959లో 3,000 డాలర్లకు ఆ స్థలాన్ని కొని ఉత్తర్వును ఎదిరించారు.

విమాన నిర్మాణ రంగానికి చెందిన ఇంజనీరు బడ్ గోల్డ్‌స్టోన్ ఒక పరీక్షను ప్రతిపాదించాడు. 1959 అక్టోబరు 10న జనం చూస్తుండగా ఎత్తయిన గోపురాన్ని 10,000 పౌండ్ల (సుమారు 4.5 టన్నుల) బలంతో పక్కకు లాగారు. గోపురం పడలేదు. లాగటానికి అమర్చిన సామగ్రియే దెబ్బతినటంతో పరీక్ష ఆపవలసి వచ్చింది, కూల్చివేత ఉత్తర్వు రద్దయింది. సన్నని కడ్డీలు, తీగవల, సిమెంటు కలిసి ఒకే అల్లికగా పనిచేయటం, ఖాళీల గుండా గాలి సాగిపోవటం ఈ గట్టిదనానికి కారణాలు. ఇదే సూత్రం ఫెర్రోసిమెంటు నిర్మాణాలలో కనిపిస్తుంది.

మరణం, తరువాత

రోడియా 1965 జూలైలో మార్టినెజ్‌లో మరణించాడు. మరుసటి నెలలో వాట్స్‌లో చెలరేగిన అల్లర్లలో ఎన్నో భవనాలు తగలబడినా గోపురాలకు హాని జరగలేదు. 1990లో వీటికి జాతీయ చారిత్రక చిహ్నంగా గుర్తింపు లభించింది. అయితే గట్టిదనం వేరు, మన్నిక వేరు. సిమెంటు పగుళ్ళలోకి నీరు దిగి లోపలి ఇనుము తుప్పు పడుతుంది, పొదిగిన ముక్కలు ఊడిపోతాయి. అందువలన వీటికి పలుమార్లు మరమ్మతులు చేయవలసి వచ్చింది.