రేకి: పేరులోని వాన, బియ్యం

అన్నం కుండ మూత తీయగానే ముఖానికి తగిలే ఆవిరి మన ఇళ్ళలో అందరికీ తెలిసినదే. జపాను వారు కీ అని పలికే పాత అక్షరాన్ని విడదీసి చూస్తే అదే కనిపిస్తుంది: పైన ఆవిరి, దాని క్రింద బియ్యం. మనం ప్రాణశక్తి అనేదానికి దగ్గరగా వచ్చే మాట అది. మన తైత్తిరీయోపనిషత్తు కూడా అన్నమయ కోశం చెప్పిన వెంటనే ప్రాణమయ కోశాన్ని చెప్పింది గదా! అన్నం తినే జాతులన్నీ ఒకే త్రోవన ఆలోచిస్తాయేమో.

దీనికి ముందుండే రే అన్న అక్షరం ఇంకా చిత్రమైనది. పైన వాన. మధ్య మూడు నోళ్ళు. కొందరు వాటిని చినుకులంటారు. అడుగున దైవాన్ని పిలిచే మనిషి, మన జాతరలలోని గణాచారి వంటివాడనుకోండి. వాన కోసం ఆకాశానికి మొరపెట్టుకోవడం ఆ బొమ్మలో ఉంది. కాలక్రమంలో ఆత్మ, దివ్యత్వం, కంటికి కనబడని మహిమ అనే అర్థాలు దానికి వచ్చాయి. ఈ రెండు అక్షరాలూ కలిస్తే రేకి. దేశదేశాలలో బోర్డులమీద కనిపించే ఈ పేరు వెనుక ఉన్న పెద్దమనిషి మికావో ఉసుయి.

ఉసుయి 1865 ఆగస్టు 15న జపానులోని గిఫు ప్రాంతంలో తానియాయి అనే పల్లెలో జన్మించారు. ఆయనది చిబా అనే పాత యోధుల వంశమని సమాధి వద్ద ఉన్న శిలాఫలకం చెబుతున్నది. మూడేళ్ళ పసివాడుగా ఉండగానే, 1868లో, మెయిజీ చక్రవర్తి పాలన వచ్చింది. కొన్నాళ్ళలోనే యోధుల హోదాలు పోయాయి. ఉసుయి చరిత్ర, వైద్యం, మనస్తత్వశాస్త్రం, బౌద్ధ క్రైస్తవ గ్రంథాలు చదివారు. చైనాకు, ఐరోపాకు, అమెరికాకు వెళ్ళివచ్చారు. ఇంత చదువూ తిరుగుడూ ఉన్నా ఆయన చేపట్టిన పని ఒక్కటీ కలిసిరాలేదు. భార్యాబిడ్డలతో ఇబ్బందులు పడ్డారు. ఇది మరుగుపరచవలసిన సంగతి కాదు. ఆ శిలాఫలకమే దాచకుండా చెప్పింది.

యాభై దాటిన వయసులో ఆయన క్యోటో నగరానికి ఉత్తరాన ఉన్న కురామా కొండ ఎక్కి, ఇరవై ఒక్క రోజులు ఉపవాసం చేశారు. చివరి రోజున తలమీద ఏదో మహత్తరమైన శక్తి సోకినట్లు తోచిందట. మొదట తనమీద, తరువాత ఇంటివారిమీద చేయివేసి చూచుకొని, 1922 ఏప్రిల్‌లో టోక్యోలోని హరజుకులో సంఘం పెట్టారు.

రేకి అన్న మాట ఆయన పుట్టించినది కాదు. కొండలలోనూ గుళ్ళలోనూ మనసుకు సోకే గంభీరమైన పవిత్రతకు అది పాతకాలపు మాట. ఆ రోజులలో ఇటువంటి చికిత్సలు చేసే మరికొందరూ దానిని వాడుకొన్నారు. ఉసుయి తన పద్ధతికి ఉసుయి రేకి ర్యోహో అని పేరుపెట్టారు. ర్యోహో అంటే చికిత్సా విధానం. అంటే విధానం మాత్రమే తనది, శక్తి వానలాగా పైనుండి వచ్చేది, తన చేయి ఒట్టి కాలువ. నాకు ఈ పేరులో నచ్చినది ఆ వినయమే.

1923 సెప్టెంబరు 1న భూకంపం టోక్యోను నేలమట్టం చేసింది. లక్షమందికి పైగా మరణించారు. ఉసుయి ఊరంతా తిరిగి గాయపడినవారికి చేయివేశారు. దానితో పేరు ప్రాకింది. 1925లో నకానోలో పెద్ద శిక్షణాలయం కట్టవలసివచ్చింది. దూరపు ఊళ్ళవారు పిలువసాగారు. అలా వెళ్ళిన ఫుకుయామాలోనే 1926 మార్చి 9న మెదడులో రక్తప్రసరణ దెబ్బతిని కన్నుమూశారు. ఇంతకీ ఆ శక్తి ఉన్నదా అంటే, ఏ పరికరమూ ఇంతవరకు దానిని పట్టలేదు. చేయివేస్తే మనసుకు ఊరట కలగడం వేరు, రోగం కుదరడం వేరు. మందు మాని దీనిని నమ్ముకోవడం తగదు.

ఈ పేరు సముద్రం దాటిన తీరు మనవంటి కుటుంబాలవారు తప్పక తెలుసుకోవలసినది. హవాయి ద్వీపాలలో చెరకు తోటల పనికి వచ్చిన జపాను కూలీలకు 1900లో ఒక ఆడపిల్ల పుట్టింది. అడుగుపెట్టిన నేల పేరే కలిపి హవాయో అన్నారు. పెండ్లితో హవాయో తకాతా అయింది. మారిషస్‌లోనూ బర్మాలోనూ మన పెద్దలను కోరంగి రేవు పేరుతో కోరంగీలన్నారు. వారికి విడిచిన రేవు, ఈమెకు చేరిన రేవు. భర్త పోయి, జబ్బుపడిన తకాతా 1935లో జపాను వెళ్ళి, ఉసుయి శిష్యుడైన చుజిరో హయాషి దగ్గర చికిత్స పొంది, విద్య నేర్చుకొన్నది. 1980లో మరణించేలోగా ఇరవై ఇద్దరు గురువులను తయారుచేసింది.

ఆమె చెప్పిన కథలో మాత్రం ఉసుయి క్యోటోలో ఒక క్రైస్తవ విద్యాలయానికి అధిపతి. అందుకు దాఖలా ఏదీ దొరకలేదు. 1941 తరువాత అమెరికాలో జపాను గురువు, బౌద్ధం అంటే వినేవారెవరని అలా చెప్పిందేమోనని కొందరి ఊహ. ఆమె శిష్యులలో చాలామందికి జపాను లిపి రాదు. సరిచూచేవారెవరు? టోక్యోలో సైహోజి ఆలయపు శ్మశానంలో 1927లోనే శిష్యులు నిలిపిన రాయిమీద అసలు సంగతి చెక్కి ఉన్నది. బయటి దేశాలవారు దానిని చదివించుకొనేసరికి దాదాపు డెబ్బై ఏళ్ళు పట్టింది.

ఈలోగా జపానులో, రెండవ ప్రపంచయుద్ధం తరువాత, వ్రాత సులువు చేయాలని అక్షరాలను కుదించారు. రే నుండి మూడు నోళ్ళూ పోయాయి. కీలో బియ్యానికి బదులు అడ్డంగా కొట్టిన రెండు గీతలు మిగిలాయి. విదేశాలలో రేకి నేర్పేవారు మాత్రం, చదవడం రాకపోయినా, చాలావరకు ఆ పాత అక్షరాలనే, బియ్యంతో సహా, గోడకు పటం కట్టి పెట్టుకొంటున్నారు.