కాకినాడ చేరిన హాల్డేన్

జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1892 నవంబరు 5న ఆక్స్‌ఫర్డ్‌లో జన్మించారు. మొదటి ప్రపంచయుద్ధంలో మెసపొటేమియాలో గాయపడి, కోలుకొనేందుకు తొలిసారి భారతదేశానికి వచ్చారు. ఆ పరిచయమే చివరకు ఆయనను ఈ దేశ పౌరుణ్ణి చేసింది.

ఫిషర్, సీవల్ రైట్‌లతో పాటు జీవపరిణామానికి గణిత పునాది వేసిన మహనీయుడాయన. 1927లో ఆయన వేసిన లెక్క ఒకటి ఆశ్చర్యం గొలుపుతుంది. నూటికి ఒక పాలు మేలు చేసే జన్యువు కొత్తగా పుట్టినా, అది జాతిలో స్థిరపడే అవకాశం నూటికి రెండు పాళ్లే. తక్కినవన్నీ కాకతాళీయంగా అంతరిస్తాయి. చిన్న సమూహాలలో ఈ కాకతాళీయతకు బలం మరీ ఎక్కువ. పది జంటలున్న పల్లెలో ఒక ఇంట సంతు లేకపోతే, ఆ ఇంటికే పరిమితమైన జన్యువు ఊరి నుండే తొలగిపోతుంది. మరొక ఇంట పదిమంది పిల్లలు పుడితే, ఆ ఇంటి జన్యువు, మంచిదో చెడ్డదో, ఊరంతా వ్యాపించవచ్చు. ఒకే మూలం నుండి విడిపోయిన గుంపులు తరతరాలకు భిన్నంగా మారడానికి ఇది ఒక కారణం. దీనికి పెద్దపీట వేసినవారు రైట్. హాల్డేన్ ప్రకృతివరణం వైపే ఎక్కువగా మొగ్గారు.

1957లో ఆయన కలకత్తాలోని భారత గణాంక సంస్థలో చేరారు. దేశీయ వస్త్రాలు ధరించి, మాంసాహారం మానివేశారు. ఖరీదైన పరికరాలు లేకున్నా చుట్టూ ఉన్నదానిని గమనించి లెక్కించమని శిష్యులకు బోధించారు. వారిలో ఆంధ్రుడైన ద్రోణంరాజు కృష్ణారావు, మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రదేశపు మేనరికాలను పరిశీలించారు. ఈ విషయం హాల్డేన్‌కు కొత్త కాదు. అటువంటి వివాహాలను గురించి 1939లోనే మోషిన్‌స్కీతో కలిసి ఆయన వ్రాశారు.

మేనరికం కొత్త రోగాన్ని పుట్టించదు. దాగి ఉన్నదానిని బయటపెడుతుంది. పూర్వీకుని ఒకే జన్యువు తల్లి నుండీ తండ్రి నుండీ బిడ్డకు చేరే అవకాశం బావామరదళ్ల పెళ్లిలో పదహారింట ఒక పాలు, మేనమామను చేసుకుంటే ఎనిమిదింట ఒక పాలు. భాష, కులం చూసి అవే నాలుగిళ్లలో పిల్లనిచ్చి పుచ్చుకొనే మన సరిహద్దు గ్రామాలకు ఈ లెక్క పరాయిది కాదు.

1961లో హాల్డేన్ భారత పౌరసత్వం పొందారు. 1962లో ఒడిశా ప్రభుత్వ ఆహ్వానంపై భువనేశ్వరం చేరి పరిశోధనాలయం నెలకొల్పారు. క్యాన్సర్ సోకినప్పుడు ఆ రోగం మీదనే హాస్యకవిత వ్రాశారు. 1964 డిసెంబరు 1న భువనేశ్వరంలో కన్నుమూశారు. వైద్యవిద్యార్థుల కోసం తన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు చెందునట్లు ముందే వీలునామా వ్రాశారు. ఆయన అస్థిపంజరాన్ని అక్కడనే భద్రపరిచారు. యానాం నుండి కాకినాడ ఎంత దూరమో మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.