సర్ జోసెఫ్ బాజల్జెట్

ఇంటి మురుగు తూము పూడిపోయినప్పుడు పనివానిని పిలిపింతుము. నీరు కదలగనే దానిని మఱచిపోదుము. ఆ నీరు గడప దాటి యెక్కడికి పోవునని విచారించువారు అరుదు. అట్లు విచారించుటకే తన జీవితమును వినియోగించిన ఒక ఇంజనీరు చరిత్రమును మా విద్యార్థులకు తెలుపనెంచితిమి.

జోసెఫ్ బాజల్జెట్ 1819 సం. మార్చి 28వ తేదీన లండనునకు ఉత్తరముననున్న ఎన్‌ఫీల్డులో జన్మించెను. తండ్రి నౌకాదళమున ఉద్యోగి. బాజల్జెట్ ఐర్లండులో చిత్తడినేలల నీరు తీయు పని నేర్చెను. పిమ్మట రైలుమార్గముల పనులలో మితిమీరి శ్రమించి 1847లో ఆరోగ్యము చెడగొట్టుకొనెను. తేరుకొని, 1849లో లండను మురుగుకాలువల కమీషనులో సహాయ సర్వేయరుగా చేరెను.

అప్పటి లండను స్థితి శోచనీయము. పూర్వము ఇండ్లక్రింద పెంటగోతులుండెడివి. నీటితో కడుగు మరుగుదొడ్లు ప్రబలినకొలది అవి పొరలసాగెను. కమీషనువారు గోతులు పూడ్పించి, ఇంటి తూములను వీధికాలువలతో కలుపవలసినదని శాసించిరి. ఇండ్లు శుభ్రపడెను; కాని ఆ కాలువలు థేమ్సు నదిలో పడెడివి, పెక్కుమంది ఆ నదినీరే త్రాగెడివారు! 1848-49లో వాంతిభేదిచే సుమారు 14,000 మంది, 1853-54లో 10,000కు పైగా మరణించిరి. ఒక తల్లి తన పెరడు కడిగిన నీరే వేరొక పేటలోని బిడ్డకు మృత్యువయ్యెను.

సన్నని మట్టిగొట్టములే వీధులకు చాలునని కొందఱు వాదించుచుండిరి. బాజల్జెట్ అట్టి గొట్టములను పరీక్షించి, పెక్కింట మడ్డి పేరుకొన్నదనియు, కొన్ని పగిలినవనియు నివేదించెను.

1856లో ఆయన నూతనముగా ఏర్పడిన నగర నిర్మాణ మండలికి ప్రధాన ఇంజనీరయ్యెను. పథకము సిద్ధముగానే యున్నను ధనమునకు అనుమతి లభింపలేదు. 1858 జూనులో ఎండలు ముదిరి, నదిలోని దుర్గంధము ఒడ్డుననే యున్న పార్లమెంటు భవనములో ప్రవేశించెను. తెరలను సున్నపుమందులో తడిపి వ్రేలాడదీసినను సభ్యులకు ఊపిరాడలేదు. అంతట చట్టము కొలదిదినములలోనే వెలువడెను. పేదల మరణములు చేయలేని పనిని పెద్దల నాసికలు చేసెనని మేము తలంతుము.

నదిలో పడు మురుగును అడ్డగించి తూర్పునకు నడిపించుటకై ఆయన నదికి ఇరుప్రక్కల 82 మైళ్ల పెద్ద కాలువలను నిర్మించెను. 31 కోట్ల 80 లక్షల ఇటుకలు పట్టెను. పెక్కు కాలువలు గ్రుడ్డు ఆకారమున, సన్నని కొన క్రిందికి ఉండునట్లు కట్టబడెను. నీరు కొంచెమే యున్నప్పుడును ఆ యిరుకున వడిగా పాఱి మడ్డిని ఈడ్చుకొనిపోవును. పోర్ట్‌లండు సిమెంటును బలము పరీక్షింపక వాడనీయలేదు. పల్లపు ప్రాంతముల మురుగును ఆవిరియంత్రములు పైకి తోడెడివి. నగరము దిగువన దానిని నిలువజేసి, ఆటు సమయమున నదిలో విడిచెడివారు.

ఆనాటి పెక్కుమందివలె ఆయనయు రోగమునకు చెడుగాలియే మూలమని నమ్మెను. కారణము తప్పు, పని మాత్రము ఒప్పు. 1866లో వాంతిభేది మరల వచ్చినప్పుడు, పని ముగియని తూర్పు పేటలందే విజృంభించి 5,000కు పైగా ప్రాణములు గొనెను. అచటి నీటి కంపెనీ కలుషితజలము నిచ్చుటయు అందులకు కారణము.

ఒక లోపము చెప్పకతప్పదు. మలినము లండనును విడిచెను గాని నదిని విడువలేదు. 1878లో ప్రిన్సెస్ ఆలిస్ అను ఓడ ఆ మురుగు పడుచోటికి సమీపముననే మునిగి 600 మందికి పైగా చనిపోయిరి. అప్పుడు ప్రజలలో గొప్ప కలవరము పుట్టెను. 1887 నుండి మడ్డిని వేఱుచేసి ఓడలలో సముద్రమునకు తరలించిరి.

1875లో సర్ బిరుదము నందిన బాజల్జెట్ 1891 సం. మార్చి 15వ తేదీన వింబుల్డనులో మరణించెను. ఆయన కాలువలు నేటికిని పనిచేయుచున్నవి. జనము పెరిగి, వర్షములప్పుడు అవి పొరలి నదిలో పడుచుండగా, ఆ పొరలునీటిని పట్టుటకు థేమ్సు క్రింద క్రొత్త సొరంగము త్రవ్వి 2025లో పూర్తిగా కలిపిరి.