బ్యాంకు స్థాపకులు డాక్టరు పట్టాభి సీతారామయ్యగారు

మన వార్షిక మహాసభా సంచికకు మహనీయుల చరిత్ర నొకదానిని వ్రాయుడని పెద్దలు కోరగా, మేము డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారి నెన్నుకొంటిమి. కాంగ్రెసు చరిత్రకారులుగా వారి నెల్లరు నెఱుగుదురు. పరుల ధనమును చేతబట్టి సంస్థల నడిపించిన వారుగా తలంచువారు తక్కువ. చుండూరు మొదలు రేపల్లె వఱకు మిల్లులు, వర్తకములు, సహకార సంఘములు నడుపుచున్న మన పోషకులకు ఈ భాగమే మిక్కిలి యుపయోగించునని మా తలంపు.

వారు 1880 నవంబరు 24వ తేదీన, నేటి ఏలూరు జిల్లాలోని గుండుగొలనున జన్మించిరి. మదరాసులో వైద్యవిద్య ముగించి బందరున వైద్యులైరి. పిదప ఆ వృత్తిని విడిచి దేశసేవకు దిగిరి. కృష్ణాపత్రికతోను ఆంధ్ర జాతీయ కళాశాలతోను వారికి గల సంబంధము సుప్రసిద్ధము గావున విస్తరింపము.

బెజవాడ ఆనకట్ట 1855లో ముగిసిన పిదప డెల్టా రైతు చేతికి పంటసొమ్ము వచ్చెను. దాచుకొనుటకు చోటేది? ఇంటి పెట్టెయో, షావుకారు గడపయో! 1906 అక్టోబరులో మదరాసునందలి ఆర్బత్‌నాట్ కంపెనీ కూలి, నమ్మి సొమ్ము వేసినవారు వేలకొలది నష్టపడిరి. దొర చెఱసాల పాలయ్యెను గాని ప్రజల నమ్మకము వెంటనే మఱలునా? అట్టి దినములలో పట్టాభిగారు 1915లో కృష్ణా జిల్లా సహకార కేంద్ర బ్యాంకును, 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించిరి. రెండవది నవంబరు 20వ తేదీన రిజిష్టరై, 28వ తేదీన బందరున వ్యాపార మారంభించెను. అధీకృత మూలధనము 10 లక్షల రూపాయలు. చెల్లింపబడినది 1 లక్ష మాత్రమే.

ఈ యంకెలను పాఠకులు కొంచెము పరికింపవలెను. లక్ష వాటాదారులది; దానిపై వచ్చి చేరు డిపాజిట్లన్నియు పరులవి. పాలకవర్గము తెగించి అప్పులిచ్చినచో మొదట లక్ష పోవును, ఆపై మునుగునది విధవరాండ్ర సొమ్ము, రైతుల సొమ్ము. అప్పడుగ వచ్చువాడో, చిన్న పట్టణమున నెల్లప్పుడును పరిచితుడే. బంధువో, స్నేహితుడో, రాజకీయ సహచరుడో యగును. కాదనుట మహానగరపు డైరెక్టరున కంత కష్టము గాదు.

1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు, 1929లో భారతలక్ష్మీ బ్యాంకు, 1935లో హిందూస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్సు వెలసినవి. ఒక్కరే యిన్ని సంస్థలకు మూలపురుషులగుట గుణమా, దోషమా? ఒక సంస్థ మేలు వేఱొకదాని మేలుతో ఢీకొన్నపుడు తీర్పరి యెవరు? ఇది నేటికిని వర్తకులను వేధించు ప్రశ్నయే. పట్టాభిగారి యెడ గౌరవము మా కెంత యున్నను, ఈ సంశయమును దాచుట న్యాయము గాదు.

అయిన నొక పరీక్షయందు వారి నిర్మాణము గట్టిదని తేలినది. 1938లో తిరువాన్కూరు నేషనల్ క్విలాన్ బ్యాంకు కూలి దక్షిణ దేశమెల్ల బెదరినను ఆంధ్రా బ్యాంకు నిలిచెను. ఉప్పు సత్యాగ్రహమున 1930లో స్థాపకులు చెఱకు బోయిరి. 1942 ఆగస్టు మొదలు 1945 వఱకు, నెహ్రూ పటేలుల సరసన అహమ్మదునగరు కోటలో నిర్బంధింపబడిరి. ఇంచుమించు మూడేండ్లు! బందరున ఖజానా తలుపులు యథాప్రకారము తెఱచుచునే యుండిరి. మన సంఘములలోనో, కార్యదర్శి నెల్లాళ్లు ఊరు విడిచినచో రసీదు పుస్తకము సైతము దొరకదు. ఇది యెవ్వరి నుద్దేశించి వ్రాసినది గాదు.

వారు 1948లో కాంగ్రెసు అధ్యక్షులుగా నెన్నికై, 1952 నుండి 1957 వఱకు మధ్యప్రదేశ గవర్నరుగా నుండి, 1959 డిసెంబరు 17వ తేదీన హైదరాబాదున దివంగతులైరి. జీవిత భీమా వ్యాపారము 1956లోనే ప్రభుత్వ పరమైనది. 1964లో భారతలక్ష్మీ బ్యాంకు ఆంధ్రా బ్యాంకున లీనమయ్యెను. 1980 ఏప్రిలులో ఆంధ్రా బ్యాంకు జాతీయమై, 2020 ఏప్రిలు 1వ తేదీన యూనియన్ బ్యాంకులో కలిసెను. నామఫలకములు మాఱినవి, డిపాజిటుదారుల ఖాతాలు క్రొత్త పేరుతో సాగుచున్నవి.